బెంగళూరులో సీసీ కెమెరాలు, గేట్ యాప్‌లు, మన సమాచారం: తరచుగా అడిగే ప్రశ్నలు

మడివాళ పీజీలో చేరిన కుర్రాడి దగ్గర్నుంచి వైట్‌ఫీల్డ్‌లో ఫ్లాట్ కొనుక్కున్న కుటుంబం దాకా బెంగళూరు తెలుగువాళ్లకు ఎదురయ్యే ప్రశ్నలివి. చట్టాల సంగతులు 2025 నవంబరులో డేటా రక్షణ నియమాలు వచ్చాక ఉన్న పరిస్థితిని బట్టి రాశాం. నిఘా ఏ రకమైనదైనా ముందుగా మూడు విషయాలు తేల్చుకోండి: రికార్డు ఎవరి చేతిలో ఉంది, ఎన్ని రోజులు ఉంటుంది, ఎవరెవరు చూడగలరు. కెమెరాలు ఎన్ని ఉన్నాయన్న లెక్క ఆ తర్వాతే.

గోప్యత హక్కు రాజ్యాంగంలో ఉందా?

ఆ మాట ఎక్కడా కనిపించదు. అయితే 21వ అధికరణలోని జీవించే హక్కులో అదీ భాగమేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తేల్చింది. ఆ కేసు వేసిన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తిగా రిటైరైన బెంగళూరువాసి. ప్రభుత్వం మన సొంత విషయాల్లోకి రావాలంటే దానికో చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, ఆ అవసరానికి మించి ఒక్క అడుగు కూడా వేయకూడదు. ఈ తీర్పు కట్టడి చేసేది ప్రధానంగా ప్రభుత్వాన్నే. పక్కింటి కెమెరా మీదో, కంపెనీ మీదో పోవాలంటే వేరే చట్టం పట్టుకోవాలి.

కొత్త డేటా చట్టం అమల్లోకి వచ్చేసిందా?

సగమే. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ఫిర్యాదులు విచారించే డేటా రక్షణ బోర్డుకు సంబంధించిన సెక్షన్లు వెంటనే మొదలయ్యాయి. సమ్మతి తీసుకోవడం, అడిగితే డేటా చెరిపేయడం, లీకైతే తెలియజేయడం లాంటి అసలు బాధ్యతలకు 18 నెలల గడువిచ్చారు, అంటే 2027 మే దాకా. అప్పటివరకు ఐటీ చట్టంలోని 43ఏ సెక్షన్, 2011 నియమాలే దిక్కు. పాస్‌వర్డ్‌లు, బ్యాంకు వివరాలు, ఆరోగ్య సమాచారం, వేలిముద్రల వంటివాటిని కంపెనీ అజాగ్రత్తగా పోగొట్టి మీకు నష్టం కలిగిస్తే, రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి దగ్గర పరిహారం అడగొచ్చు. 5 కోట్ల రూపాయల లోపు దావాలు ఆయన పరిధిలోకి వస్తాయి. ఈ దారి ఒకటుందని చాలామందికి తెలియదు.

జనానికి హక్కులిచ్చే భాగానికి ఏడాదిన్నర ఆగమన్నారు కానీ, సమాచార హక్కు చట్టంలో వ్యక్తిగత సమాచారం మినహాయింపును వెడల్పు చేసిన సవరణను మాత్రం మొదటి రోజే అమలు చేశారు. ఎవరి తొందర ఎటువైపో దీన్నిబట్టే తెలుస్తుంది.

ఎదురు ఫ్లాటువాళ్ల కెమెరా మా తలుపు వైపు ఉంది. ఏం చేయాలి?

గొడవకు దిగేముందు దాన్లో నిజంగా ఏం పడుతోందో చూడండి. గుండ్రటి డోమ్ కెమెరా ఎటు చూస్తోందో బయటినుంచి తెలియదు కాబట్టి వాళ్ల ఫోన్‌లోనే లైవ్ చూపించమని అడగండి. మామూలుగా బిగించే 2.8 ఎంఎం లెన్స్ సుమారు 100 డిగ్రీల వెడల్పు పడుతుంది. ఇరుకు కారిడార్‌లో అయితే మీరు తలుపు తీసినప్పుడల్లా మీ హాలు కూడా అందులో పడుతుంది. 6 ఎంఎం లెన్స్ పెడితే దాదాపు సగానికి తగ్గుతుంది. లెన్స్ మార్చడం కుదరకపోతే కెమెరా సెట్టింగ్స్‌లో ప్రైవసీ మాస్క్ ఉంటుంది. తెర మీద మీ తలుపున్న చోట ఒక నల్ల పెట్టె గీస్తే ఆ భాగం అసలు రికార్డే కాదు. రెండు నిమిషాల పని. మైక్ కూడా ఆపించండి. దొంగను పట్టుకోవడానికి కారిడార్‌లో మన మాటలు రికార్డు కావలసిన అవసరం లేదు.

వినకపోతే అసోసియేషన్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. ఆ తర్వాత సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే ఆపమనే ఉత్తర్వు, అడగొచ్చు. డేటా చట్టం ఇక్కడ పనికిరాదు, సొంత ఇంటి అవసరానికి మనిషి వాడుకునే డేటా దాని పరిధిలోకి రాదు. కెమెరా పడకగదినో, బాత్రూమ్ కిటికీనో చూస్తుంటే మాత్రం అది నేరం, నేరుగా పోలీసుల దగ్గరికే వెళ్లండి. అన్నదమ్ములు కలిసుండే ఇంట్లో మిగతావాళ్లు ఒప్పుకోకుండా లోపల కెమెరాలు పెట్టడం గోప్యతకు భంగమని 2025లో కలకత్తా హైకోర్టు చెప్పింది. సుప్రీంకోర్టు ఆ తీర్పులో వేలు పెట్టలేదు.

అద్దె ఇంట్లో ఓనర్ లోపల కెమెరా పెట్టొచ్చా?

పెట్టకూడదు. గేటు, మెట్లు, పార్కింగ్ వరకే.

మా అపార్ట్‌మెంట్ బోర్డు మీద 30 రోజుల రికార్డింగ్ అని ఉంది. నమ్మొచ్చా?

లెక్క వేసి చూడండి. 2 మెగాపిక్సెల్ కెమెరా హెచ్.265 అనే వీడియో కుదించే పద్ధతిలో సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున రాస్తే రోజుకు 21.6 జీబీ అవుతుంది. 16 కెమెరాలైతే రోజుకు సుమారు 346 జీబీ. రికార్డింగ్ డబ్బాలో (డీవీఆర్) 4 టీబీ డిస్క్ ఉంటే పదకొండు రోజులకే నిండి, పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. 30 రోజులు నిలవాలంటే 10 టీబీకి పైనే కావాలి. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసేలా పెడితే తక్కువ సరిపోతుంది కానీ, చెట్టుకొమ్మ ఊగినా, వీధి లైటు మినుకుమన్నా రికార్డు మొదలవుతుంది కాబట్టి ఆ లెక్క గట్టిగా చెప్పలేం. చేయాల్సింది ఒకటే: ప్లేబ్యాక్‌లోకి వెళ్లి అన్నిటికంటే పాత తేదీ ఏదో చూడటం. బోర్డు మీద ఏమున్నా అసలు సమాధానం అదే.

ఒకేసారి 100 మంది, లేదా రోజుకు 500 మంది వచ్చిపోయే సంస్థలు కెమెరాలు పెట్టి 30 రోజుల ఫుటేజ్ ఉంచాలని కర్ణాటక 2017లోనే ప్రజా భద్రత చట్టం చేసింది. పీజీలైతే 90 రోజులు ఉంచాలని 2024లో అప్పటి నగరపాలక సంస్థ బీబీఎంపీ మార్గదర్శకాలు ఇచ్చింది. పై లెక్కన నాలుగే కెమెరాలున్న పీజీకి కూడా నిరంతరం రికార్డు చేస్తే 8 టీబీ దాకా కావాలి. 1 టీబీ డిస్క్ పెట్టుకుని 90 రోజులని చెప్పేవాళ్లను ఆ పాత తేదీ చూపించమనండి.

అవసరానికి మించి దాచడమూ తప్పే. ఏడాది ఫుటేజ్ ఉందంటే ఏ ఇంటికి ఎవరొస్తారు, ఏ పిల్ల ఎన్నింటికి తిరిగొస్తుంది అన్న చరిత్రంతా ఒక గదిలో పెట్టి తాళం వాచ్‌మన్ చేతికిచ్చినట్టే. అపార్ట్‌మెంట్‌కు 30 రోజులు చాలు.

ఈ కెమెరాలతో సాధారణంగా ఎక్కడ చెడుతుంది?

పాస్‌వర్డ్ దగ్గర. బిగించినవాడు పెట్టిన పాస్‌వర్డే ఏళ్ల తరబడి ఉంటుంది, అతను కాంట్రాక్టు వదిలేసి పోయినా డబ్బా అతని ఫోన్‌లో తెరుచుకుంటూనే ఉంటుంది. రౌటర్‌లో బయటినుంచి లోపలికి దారి తెరిచే పోర్ట్ ఫార్వర్డింగ్, యూపీఎన్‌పీ సెట్టింగులు ఆన్ చేసి వదిలేస్తే ఇంటర్నెట్‌లో వెతికే ఎవరికైనా అది దొరికిపోతుంది. ఆ రెండూ ఆపండి. అడ్మిన్ ఖాతా ఒకరికే ఇచ్చి, సెక్యూరిటీ గార్డుకు లైవ్ మాత్రమే కనిపించే వేరే ఖాతా పెట్టండి. కెమెరాలను ఆఫీసు వైఫైలో కాకుండా వేరే నెట్‌వర్క్‌లో ఉంచండి. గడియారం తప్పు నడుస్తుంటే, ఇంటర్నెట్ నుంచి సమయం సరిచేసుకునే ఎన్‌టీపీ ఆన్ చేయండి. పది నిమిషాల తేడా ఉన్న ఫుటేజ్‌ను కోర్టులో అవతలి లాయరు చీల్చి చెండాడతాడు.

కొత్తగా కొంటుంటే అడగండి: 2025 ఏప్రిల్ 9 నుంచి ఇంటర్నెట్‌కు తగిలించే సీసీ కెమెరా మోడళ్లు ప్రభుత్వం నిర్దేశించిన భద్రతా పరీక్షలు దాటాలి. కేంద్ర ఐటీ శాఖ పరీక్షా విభాగం ఎస్‌టీక్యూసీ సర్టిఫికెట్ లేని పాత సరుకును తక్కువ ధరకు అంటగట్టేవాళ్లు ఉంటారు.

బండి పోయింది, ఫుటేజ్ ఇవ్వనంటున్నారు. ఎలా తీసుకోవాలి?

ముందు అది చెరిగిపోకుండా చూడాలి. తేదీ, సమయం, కెమెరా నంబరు రాసి, ఆ భాగం విడిగా తీసి ఉంచమని అదే రోజు అసోసియేషన్‌కు మెయిల్ పెట్టండి. ఇతరుల ముఖాలు కూడా ఉంటాయి కాబట్టి మీ చేతికి ఇవ్వకపోవడం తప్పు కాదు. పోలీసు ఫిర్యాదు ఇస్తే బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 94వ సెక్షన్ కింద దర్యాప్తు అధికారి రాతపూర్వకంగా తెప్పించుకుంటారు. కోర్టులో చెల్లాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63(4) సర్టిఫికెట్ కావాలి. అందులో రెండు భాగాలు: ఒకటి ఆ యంత్రం బాధ్యత చూసేవారు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి, ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా రాయాలి. వాట్సాప్‌లో పంపితే వీడియో కుదించుకుపోయి హ్యాష్ మారిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో అసలు ఫైలే తీసుకోండి. ఆ వీడియోను రెసిడెంట్స్ గ్రూపులో పెట్టి "ఈ దొంగను గుర్తుపట్టండి" అనడం మాత్రం వద్దు. అతను కొరియర్ కుర్రాడని తేలితే పరువునష్టం మీ మెడకే చుట్టుకుంటుంది.

గేట్ యాప్‌లో మా వివరాలు ఎంతవరకు చేరుతున్నాయి?

మీరు అనుకున్నదానికంటే ఎక్కువే. గేటు దగ్గర రాకపోకలు నమోదు చేసే ఈ యాప్‌లో ఎవరొచ్చారు, ఎప్పుడు వెళ్లారు, ఏ కారు, పనిమనిషి ఏ రోజు రాలేదు, మీరు ఊళ్లో లేనని పెట్టిన సెలవు నోటీసు: ఇవన్నీ ఒకచోట చేరతాయి. చట్టం దృష్టిలో బాధ్యత అసోసియేషన్‌ది. యాప్ కంపెనీ దాని తరఫున పనిచేసేదే. అందుకే యాప్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసే ముందు సర్వసభ్య సమావేశంలో మూడు తీర్మానాలు చేయించండి: సందర్శకుల వివరాలు ఎన్ని రోజులకు చెరిపేయాలి, కాంట్రాక్టు ముగిస్తే డేటా ఏమవ్వాలి, అడ్మిన్ లాగిన్ ఎవరెవరికి. మీ వరకు మీరు యాప్ సెట్టింగ్స్‌లో ఫోన్ నంబరు ఇతర నివాసులకు కనిపించకుండా చేయండి, కాంటాక్టుల అనుమతి తీసేయండి.

పనివాళ్ల సంగతి ఎవరూ అడగరు. పనిమనిషి ఫొటో, ఆధార్, రాకపోకల చిట్టా, పదిమంది ఇచ్చిన రేటింగ్, అన్నీ ఆవిడకు తెలియకుండానే ఆవిడ గురించి తిరుగుతుంటాయి. డేటా చట్టం ఇచ్చే హక్కు ఫ్లాటు ఓనర్‌కు ఎంతో ఆవిడకూ అంతే. గేటు దగ్గర పుస్తకంలో రాయించుకుంటే ఈ చట్టం వర్తించదు. ఆ పేజీని ఫొటో తీసి ఎక్కించిన క్షణం నుంచి వర్తిస్తుంది.

పీజీ ఓనర్ ఆధార్ జిరాక్స్ తప్పనిసరి అంటున్నారు.

గుర్తింపు పత్రం అడగడం సబబే, ఆధారే కావాలనడం కాదు. ప్రైవేటు సంస్థలు ఆధార్ అడిగేందుకు వీలిచ్చిన ఆధార్ చట్టం 57వ సెక్షన్ భాగాన్ని 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు కొట్టేసింది. డ్రైవింగ్ లైసెన్సు, ఓటరు కార్డు, పాస్‌పోర్టు ఏదైనా ఇవ్వొచ్చు. ఆధారే ఇవ్వాల్సి వస్తే మాస్క్‌డ్ కాపీ ఇవ్వండి: మైఆధార్ సైట్‌లో డౌన్‌లోడ్ చేసేటప్పుడు మాస్క్‌డ్ అన్నచోట టిక్ పెడితే చివరి నాలుగంకెలే కనిపిస్తాయి. జిరాక్స్ మీద అడ్డంగా "ఫలానా పీజీలో చేరడానికి మాత్రమే" అని, తేదీతో, అక్షరాలు ఫొటో మీదికి వచ్చేలా రాయండి. మూలన రాస్తే కత్తిరించి మళ్లీ జిరాక్స్ తీస్తారు.

వేలిముద్రలతో డబ్బు కొట్టేస్తున్నారట. ఎలా ఆపాలి?

రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలతో నకిలీలు చేసి, ఆధార్ ద్వారా డబ్బు తీసే పద్ధతిలో ఖాతాలు ఖాళీ చేసిన కేసులు 2023లో బెంగళూరులో బయటపడ్డాయి. ఓటీపీ రాదు, పిన్ అక్కర్లేదు. ఆధార్ అధికారిక యాప్‌లో గానీ సైట్‌లో గానీ లాక్ బయోమెట్రిక్స్‌లోకి వెళ్లి ఓటీపీ కొడితే తాళం పడుతుంది. ఆ తర్వాత ఎవరు వేలు పెట్టించినా 330 అనే ఎర్రర్ వస్తుంది. సిమ్ కొనేటప్పుడు కొద్ది నిమిషాలకు తెరుచుకోవచ్చు. ఊళ్లో వేలిముద్ర వేసి రేషన్, పింఛను తీసుకునే అమ్మానాన్నలకు తాళం వేసేస్తే మాత్రం ఒకటో తారీఖున వాళ్లు వట్టి చేతులతో తిరిగొస్తారు. వాళ్ల విషయంలో ఆ ఖాతాకు ఆధార్ ద్వారా డబ్బు తీసే వీలును ఆపమని బ్యాంకులో అడగడం మేలు. అథెంటికేషన్ హిస్టరీలో గత ఆరు నెలల్లో మీ ఆధార్ ఎప్పుడెప్పుడు వాడారో కనిపిస్తుంది. నెలకోసారి చూసుకోండి. డబ్బు పోతే మొదట సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, తర్వాతే బ్యాంకుకు వెళ్లండి.

ఆఫీసు లాప్‌టాప్‌లో కంపెనీ ఏం చూడగలదు?

అన్నీ చూడగలదనే అనుకుని వాడండి. బ్రౌజర్‌లో మీ బ్యాంకు సైట్ తెరిచి, అడ్రస్ పక్కన గుర్తు నొక్కి సర్టిఫికెట్ ఎవరిచ్చారో చూడండి. అక్కడ మీ కంపెనీ పేరో, వాళ్లు వాడే భద్రతా సాఫ్ట్‌వేర్ పేరో ఉంటే, తాళం గుర్తు ఉన్నా మధ్యలో విప్పి చదువుతున్నారని అర్థం. సొంత ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆఫీసు మెయిల్ పెట్టుకుంటే వర్క్ ప్రొఫైల్‌గానే పెట్టించుకోండి. బ్రీఫ్‌కేస్ గుర్తున్న యాప్‌ల వరకే వాళ్ల పెత్తనం. ఐఫోన్‌లో సెట్టింగ్స్, జనరల్, వీపీఎన్ అండ్ డివైస్ మేనేజ్‌మెంట్‌లో ఏ ప్రొఫైల్ ఉందో తెలుస్తుంది. కొత్త చట్టంలో కూడా కంపెనీకి నష్టం జరగకుండా చూసుకునేందుకు, రహస్యాలు కాపాడుకునేందుకు ఉద్యోగి సమ్మతి లేకుండానే డేటా వాడుకునే వెసులుబాటు ఉంది. ఉద్యోగం మానేసే రోజు చూసుకుందాంలే అనుకుంటే, లాగిన్ ముందే కట్ చేస్తారు, మీ పెళ్లి ఫొటోలు అందులోనే ఉండిపోతాయి.

హోటల్ గదిలో, ట్రయల్ రూమ్‌లో దాచిన కెమెరా ఉందేమో ఎలా చూడాలి?

లైట్లు ఆర్పి ఫోన్ టార్చిని కంటికి దగ్గరగా పట్టుకుని నెమ్మదిగా తిప్పండి. లెన్స్ ఉన్నచోట చిన్న మెరుపు వెనక్కి వస్తుంది. పొగ డిటెక్టర్, ఛార్జర్, గడియారం, షవర్ ఎదురుగా ఉన్న రంధ్రాలు ముందు చూడండి. చీకట్లో చూసే కెమెరా అయితే దాని ఇన్‌ఫ్రారెడ్ బల్బులు ఫోన్ సెల్ఫీ కెమెరాలో ఊదారంగు చుక్కల్లా కనిపించవచ్చు. వెనక కెమెరాలో చాలావరకు కనిపించవు, ఫిల్టర్ ఉంటుంది. వైఫై స్కాన్ చేసే యాప్‌లను మరీ నమ్మొద్దు, మెమరీ కార్డులో రాసుకునే కెమెరా నెట్‌వర్క్‌లోకే రాదు. దొరికితే చేత్తో పీకొద్దు, ఉన్నచోటే ఫొటో తీసి 112కు ఫోన్ చేయండి. మహిళలను అలా చిత్రీకరిస్తే బీఎన్ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 77 కింద మొదటిసారి ఏడాది నుంచి మూడేళ్ల జైలు. ఐటీ చట్టం 66ఇ ఆడా మగా అందరికీ వర్తిస్తుంది.

నా ఫోన్‌లో ఇంట్లోవాళ్లే ఏదో పెట్టారని అనుమానం.

నాలుగు చోట్ల చూడండి: వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్, గూగుల్ ఖాతాలో మీ పరికరాల జాబితా, మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్, సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీతో పాటు డివైస్ అడ్మిన్ అనుమతులున్న యాప్‌లు. ఐఫోన్‌లో సేఫ్టీ చెక్ మీరు ఎవరితో, ఏ యాప్‌లతో ఏం పంచుకుంటున్నారో చూపిస్తుంది, వాట్సాప్, గూగుల్ ఖాతా మాత్రం విడిగా చూసుకోవాలి. అయితే హింస ఉన్న ఇంట్లో తొందరపడి తీసేయకండి. యాప్ పోయిన నిమిషమే అవతలివాళ్లకు తెలిసిపోవచ్చు. ముందు స్క్రీన్‌షాట్లు వేరే ఫోన్‌కు పంపుకుని, ఎక్కడ ఉండాలో నిర్ణయించుకుని, అప్పుడు తీయండి. మహిళ ఇంటర్నెట్ వాడకంపై నిఘా పెట్టడం బీఎన్ఎస్ 78 కింద వెంటాడే నేరం.

ఫోన్ ట్యాప్ అయిందని ఎలా తెలుస్తుంది?

చట్టబద్ధంగా చేస్తే తెలియదు. మాటల మధ్య టిక్ టిక్ శబ్దం, బ్యాటరీ వేడెక్కడం ఇవేవీ గుర్తులు కావు. ఆ పని టెలికాం కంపెనీ యంత్రాల్లో జరుగుతుంది, మీ ఫోన్‌లో కాదు. *#21# నొక్కితే కాల్ ఫార్వర్డింగ్ ఉందో లేదో తెలుస్తుంది, అంతే. 2024 డిసెంబరు నియమాల ప్రకారం కేంద్ర లేదా రాష్ట్ర హోం కార్యదర్శి ఆదేశం కావాలి. అత్యవసరంలో పోలీసు ఉన్నతాధికారి మొదలుపెట్టినా ఏడు పనిదినాల్లో దాన్ని ఖరారు చేయించుకోవాలి. ఒక ఆదేశం 60 రోజులకు మించదు, పొడిగింపులతో కలిపి 180 రోజులకు మించదు. సమీక్షా సంఘం ఉంటుంది, కానీ అందులో ఉండేదీ అధికారులే, న్యాయమూర్తి లేరు. అసలు లోపం అక్కడుంది. 1988లో ఈ బెంగళూరులోనే ట్యాపింగ్ ఆరోపణల మీద రామకృష్ణ హెగ్డే ముఖ్యమంత్రి పదవి వదిలారు. ఆ తర్వాత 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు జాగ్రత్తలు నిర్దేశించింది. అయినా 2024లో తెలంగాణ పోలీసు నిఘా విభాగం ఎస్ఐబీ మీద ట్యాపింగ్ కేసు ఆరోపణలు బయటికొచ్చాయి.

కాల్ రికార్డుల సంగతి వేరు. ఎవరితో, ఎప్పుడు, ఏ టవర్ కింద మాట్లాడారన్న వివరాలను కంపెనీలు రెండేళ్లు దాచాలి. వాట్సాప్ మాటలు మధ్యలో ఎవరూ చదవలేకపోయినా, బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ మీరే ఆన్ చేసుకోవాలి.

రోడ్డు మీద పోలీసులు ఫోన్ తెరిచి చూపించమంటే?

ఏ కేసులో, ఎందుకని మర్యాదగా అడగండి. మీరే తెరిచి ఇస్తే అది సమ్మతి కిందికి వస్తుంది. ఫోన్, లాప్‌టాప్ సోదాలకు వారెంటు అవసరమేనని, పాటించాల్సిన పద్ధతేమిటో 2021లో వీరేంద్ర ఖన్నా కేసులో కర్ణాటక హైకోర్టు చెప్పింది. పాస్‌వర్డ్ చెప్పడం తనకు తాను వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పుకోవడం కాదని కూడా అదే తీర్పులో అంది, ఆ సగం మరిచిపోకండి. ఫోన్ స్వాధీనం చేసుకుంటే ఐఎంఈఐ నంబరుతో మహజరు (స్వాధీనం చేసుకున్నట్టు రాసే పంచనామా) కాపీ అడిగి తీసుకోండి. సోదాను వీడియో తీయాలని బీఎన్ఎస్ఎస్ 105 చెబుతోంది.

ముఖం గుర్తుపట్టే కెమెరాలను తప్పించుకోవచ్చా?

విమానాశ్రయంలో తప్పించుకోవచ్చు. 2022 డిసెంబరు 1న బెంగళూరులో మొదలైన డిజియాత్ర (ముఖం చూసి లోపలికి పంపే పద్ధతి) ఐచ్ఛికం, టికెట్, గుర్తింపు కార్డు చూపించి మామూలు వరసలో వెళ్లొచ్చు. ప్రవేశ ద్వారం దగ్గర ఎవరైనా ఏమీ చెప్పకుండా మీ ముఖం ఫొటో తీయబోతే ఇదేమిటని అడగండి. రోడ్డు మీద తప్పించుకోలేం. మహిళల భద్రతకు కేంద్రం పెట్టిన నిర్భయ నిధితో బిగించిన సేఫ్ సిటీ కెమెరాలు, 50 కూడళ్లలో నంబరు ప్లేట్లు చదివే 250 ట్రాఫిక్ కెమెరాలు నగరమంతా ఉన్నాయి. ముఖ గుర్తింపు మీద దేశంలో ప్రత్యేక చట్టం లేదు. పైగా డేటా చట్టం నుంచి తనకు కావలసిన సంస్థలను మినహాయించే అధికారం కేంద్రం తన దగ్గరే పెట్టుకుంది.

ఫిర్యాదు, సమ్మతి పత్రం తెలుగులో ఉండొచ్చా?

సమ్మతి నోటీసు ఉండాలి. ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా చూసే వీలు కల్పించాలని డేటా చట్టం అంటోంది, కాబట్టి 2027 మే తర్వాత బెంగళూరు ఆసుపత్రిలో కూడా తెలుగులో అడగొచ్చు. ఫిర్యాదు ముందు ఆ సంస్థకే ఇవ్వాలి. జవాబుకు గరిష్ఠంగా 90 రోజులు, తర్వాత డేటా రక్షణ బోర్డు.

సమాచార హక్కు దరఖాస్తు మాత్రం ఇక్కడ కన్నడ, ఇంగ్లిష్ లేదా హిందీలో రాయాలి. కర్ణాటక నియమాల ప్రకారం ఒక్క విషయమే, 150 పదాల్లోపు, రుసుం 10 రూపాయలు. జవాబుకు 30 రోజులు పడుతుంది. ఈలోగా మీరడిగిన ప్రభుత్వ కెమెరా ఫుటేజ్ మీద కొత్తది రాసేసుకుంటుంది కనుక, దరఖాస్తులో మొదటి వాక్యంగా ఫలానా తేదీ, ఫలానా సమయం రికార్డును జవాబు ఇచ్చేదాకా చెరపకుండా ఉంచమని రాయండి.